చూచినవారి మాట – కృష్ణా తీరాన పద్యనాటకం

కవి గతించినా కావ్యం నిలుస్తుంది. శిల్పి గతించినా శిల నిలుస్తుంది. నటుడు గతించిన తరువాత నిలిచేది ఏమిటి? తెర పడిన మరుక్షణాన ఆ రాత్రి నాటకం అంతమైనట్లే. మరునాడు ఆ నటుడే ఆ పాత్రనే ధరించినా అది వేరొక నాటకం. అందుచేత రంగస్థల చరిత్ర వ్రాయబూనినవారికి శిలాశాసనాలవంటి ఆధారాలు దొరకవు. ముఖ్యంగా దొరికేవి మూడు. అచ్చయిన నాటక గ్రంథాలు మొదటివి. గ్రామఫోను రికార్డులు రెండవవి. చూచినవారి మాట మూడవది. మొదటి రెండింటికీ మన చరిత్రకారులు తగిన గౌరవమే ఇచ్చినారు. మూడవదానిని ముసలివారి ముచ్చటగా భావించి ప్రక్కకు నెట్టినవారే ఎక్కువ. ఆ ముచ్చటకు చరిత్రలో ఎంత స్థానం ఉన్నదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో విచారించడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

ఈ విచారణకు కృష్ణా మండలంకంటె అనువైన చోటు అరుదు. విజయవాడనుండి ఏలూరు పోయే పెద్ద రోడ్డు మీద, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో హనుమాన్ జంక్షన్ ఉన్నది. అక్కడ వెలసిన ఆంజనేయస్వామి పేరే ఆ కూడలికి పేరైనది. నూజివీడునుండి గుడివాడకు పోయే దారి అక్కడ పెద్ద రోడ్డును దాటుతుంది. ఉత్తరాన మామిడితోటల మెట్ట సీమ, దక్షిణాన వరిచేల మాగాణి సీమ. చుట్టుపట్ల ఏ ఊరిలో నాటకం జరిగినా, తెల్లవారుజామున నాలుగు దిక్కుల జనం ఇటువంటి కూడళ్ళదాకా కలిసి నడిచి, అక్కడ విడిపోయి ఎవరి దారిన వారు పోయేవారు. ఎడ్ల బండ్లలో కొందరు, కాలినడకన కొందరు. రంగస్థలం మీద నాటకం ముగిసిన తరువాత దారిలో రెండవ నాటకం మొదలయ్యేది. ఏ కృష్ణుడు మేలు? ఏ హరిశ్చంద్రుని గొంతు చివరిదాకా నిలిచినది? హార్మనీ వాయించినవాడు పద్యానికి సాయపడినాడా, పద్యాన్ని మింగినాడా? ఆ వాదం ఇల్లు చేరినా తెగేది కాదు. మరుసటి సంవత్సరం నాటకం వచ్చేదాకా అరుగుల మీద సాగుతూనే ఉండేది. మన రంగస్థలానికి విమర్శ పుట్టినచోటు అదే.

ఆ విమర్శ వెనుక ఉన్న చరిత్రను కొంచెం జ్ఞాపకం చేసుకొందాము. తెలుగుదేశంలో ఆధునిక నాటక ప్రదర్శనలు 1880 ప్రాంతాన మొదలైనవి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు నాటకాలాడించినది ఆ రోజులలోనే. ధార్వాడ నాటక సమాజంవారు తీర మండలాలలో పర్యటించి, తెరలు, వేషభూషలు, సంగీతం కలసిన ప్రదర్శన ఎట్లుండునో జనులకు చూపించినారు. 1885లో కడప మండలంలోని సురభి గ్రామాన వనారస గోవిందరావుగారి పూనికతో కుటుంబ నాటక సమాజం పుట్టినది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) పాత్రలచేత పద్యాలను రాగయుక్తంగా పాడించినారు. ఆ పాడడమే తరువాత మన రంగస్థలానికి ప్రాణమైనది, అప్పుడప్పుడు ప్రాణసంకటమూ అయినది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు వచ్చినవి. ఆ జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు (1870–1950) బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి 'సత్య హరిశ్చంద్రీయము', ముత్తరాజు సుబ్బారావుగారి 'శ్రీకృష్ణ తులాభారము', కాళ్ళకూరి నారాయణరావుగారి 'చింతామణి', 'వరవిక్రయము' ఇంచుమించు ఆ కాలానివే. మైలవరం జమీందారుగారి పోషణలో బాలభారతీ నాటక సమాజం, తెనాలిలో శ్రీరామవిలాస సభ నటులను తీర్చిదిద్దినవి. 1929లో తెనాలిలోనే ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసినది.

ఆపైన కంట్రాక్టు నాటకాల కాలం వచ్చినది. ఒకే సమాజంలోని నటులు కలిసి నేర్చి కలిసి ఆడే పద్ధతి సడలినది. కంట్రాక్టరు ఒక ఊరినుండి కృష్ణుని, ఇంకొక ఊరినుండి దుర్యోధనుని, వేరొక ఊరినుండి సత్యభామను పిలిపించి, ఒక రాత్రికి ఒక పందిరిలో నిలబెట్టేవాడు. ముందుగా కూర్చుని అభ్యాసం చేసే అవకాశం వారికి అంతగా ఉండేది కాదు. పాత్రలు అందరికీ కంఠస్థం కనుక నాటకం నడిచిపోయేది. కృష్ణ పాత్ర ఒక్కటే ముగ్గురికి పంచిన రాత్రులున్నవి. పడకసీను ఒకరిది, రాయబారం వేరొకరిది, యుద్ధరంగం ఇంకొకరిది. కథ దృష్టితో చూచిన ఇది వింత. ప్రేక్షకుని దృష్టితో చూచిన ఇది పోటీ. ముగ్గురు కృష్ణులను ఒకే రాత్రి తూచిచూచే అవకాశం అతనికి కలిగినది. కంట్రాక్టు పద్ధతి నాటకాన్ని ముక్కలు చేసినదన్న నింద నిజమే. చదువుకోని రైతును సైతం సూక్ష్మ విమర్శకునిగా చేసినదీ ఆ పద్ధతే.

ఆ విమర్శకులు రెండు పక్షాలుగా ఉండేవారు. రాగంకోసం పోయేవారిది ఒక పక్షం. భావంకోసం పోయేవారిది రెండవ పక్షం. మైకులు లేని రోజులలో పెట్రోమాక్సు దీపాల వెలుతురున, వేలమంది కూర్చున్న పందిరిలో చివరి చాప మీదివానికి మాట వినిపించాలంటే గొంతు పై శ్రుతిలో ఎగిరి తీరవలసినదే. రాగాలాపన వట్టి ఆడంబరంగా పుట్టలేదు. దూరాన్ని జయించడానికి అది నటుని చేతి ఆయుధం. ఒక పద్యం నచ్చితే జనం 'వన్సుమోరు' అని కేకలు పెట్టేవారు. చనిపోయిన పాత్ర లేచి పద్యం పాడి మళ్ళీ చనిపోయినదన్న హాస్యకథలు ఆ కేకలనుండి పుట్టినవే. బళ్ళారి రాఘవగారు (1880–1946) ఈ ధోరణిని నిరసించినారు. వృత్తిచేత న్యాయవాది అయిన ఆయన పద్యానికీ రాగానికీ లొంగని సహజ నటనకోసం పాటుపడినారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలన్నది కూడ ఆయన పట్టుదల.

ఈ రెండు పక్షాల వాదం చాలాకాలం నడిచినది. షణ్ముఖి ఆంజనేయరాజుగారి రాయబారం విన్నవారు ఆ గొంతు మాధుర్యం చెప్పేవారు. పీసపాటి నరసింహమూర్తిగారి (1920–2007) కృష్ణుని చూచినవారు, రాగాన్ని పొదుపుగా వాడి ప్రతి పదాన్నీ అర్థం తెలిసేటట్లు పలికిన తీరు చెప్పేవారు. సభలో కూర్చున్న దుర్యోధనునితో కృష్ణుడు మాట్లాడుతున్నాడా, టిక్కెట్టు కొన్న మనతో మాట్లాడుతున్నాడా అన్నదే వారి ప్రశ్న. ఇంతకంటె సారవంతమైన విమర్శ సూత్రం గ్రంథాలలోనూ అరుదు. అర్జునుని రథం మీది ధ్వజాన హనుమంతుడు నిలిచే ఆ ప్రసిద్ధ పద్యం కోసం గంటల తరబడి నిద్ర ఆపుకొన్నవారు, అది ముగియగానే లేచి తుండుగుడ్డ దులుపుకొని ఇంటిదారి పట్టిన కథలు ఈ ప్రాంతాన నేటికీ వినవస్తవి.

ఇక చూచినవారి మాట తప్ప వేరు ఆధారం లేని సందర్భాలున్నవి. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారు (1924–2014), 1944లో విడుదలైన 'శ్రీ సీతారామ జననము' చిత్రంలో రాముడు కాకముందు, ఈ చుట్టుపట్ల నాటక సమాజాలలో స్త్రీ పాత్రలు ధరించేవారు. ఆయన వెండితెర జీవితానికి సాక్ష్యం ఫిల్ములో ఉన్నది. పందిళ్ళలోని జీవితానికి సాక్ష్యం, ఆ రాత్రి అక్కడ చాప మీద కూర్చున్నవారి మాటలోనే ఉన్నది.

స్థానం నరసింహారావుగారి (1902–1971) విషయం ఇంకను విశేషం. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామవిలాస సభ ద్వారా కీర్తికెక్కిన ఆయన సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి పాత్రలకు పర్యాయపదమైనారు. 1956లో పద్మశ్రీ వచ్చినది. తులాభారంలో సత్యభామ పాడే మిక్కిలి ప్రసిద్ధమైన గీతం ఆయన స్వయంగా రచించుకొన్నదే. ఆయనను చూచిన స్త్రీలు ఇంటికి వచ్చి చెప్పిన మాటలలో పాట తక్కువ. చీర కుచ్చిళ్ళు సవరించుకొన్న తీరు, జడ ముందుకు వేసుకొన్న తీరు, అలిగి కూర్చున్నప్పుడు మెడ త్రిప్పిన తీరు ఎక్కువ. రికార్డులో ఆ మెడ లేదు. అచ్చు పుస్తకంలో ఆ కుచ్చిళ్ళు లేవు. తన నడకను ఒక పురుషుడు తనకంటె శ్రద్ధగా గమనించినాడని ఒక ఇల్లాలు ఆశ్చర్యపడిన క్షణం ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

అయితే చూచినవారి మాటను అక్షరాలా నమ్మవచ్చునా? ఇక్కడ జాగ్రత్త అవసరం. జ్ఞాపకానికి కొలతలు తెలియవు. ఒక్క పద్యం అరగంట పాడినారంటారు. పదిసార్లు వన్సుమోరు అయినదంటారు. ఆ నాటి రికార్డు తీసి వింటే పద్యం మూడు నిమిషాలలో ముగుస్తుంది. అంతమాత్రాన చెప్పినవారు అబద్ధమాడినారనరాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్ళెంలో ఒక ప్రక్కకు పట్టేది మూడు నిమిషాల పైచిల్లర మాత్రమే. నటుడు తన రాగాన్ని ఆ కొలతకు కుదించి పాడవలసివచ్చినది. రికార్డు కుదించినది, జ్ఞాపకం సాగదీసినది. నిజం ఆ రెండింటి నడుమ ఎక్కడో ఉన్నది.

మరొక సందర్భంలో చూచినవారి మాటే గ్రంథాన్ని సవరిస్తుంది. హరిశ్చంద్ర నాటకం చూచినవారిని కదిలిస్తే మొదట చెప్పేది కాటిసీను. ఆ సీనులో నటులు పాడి జనాన్ని ఏడిపించిన పద్యాలలో కొన్ని బలిజేపల్లివారి నాటకంలోనివి కావు. అవి గుఱ్ఱం జాషువాగారు (1895–1971) శ్మశానవాటికను గురించి వ్రాసిన పద్యాలు. ఆ పద్యాలను నటులు రంగస్థలం మీదికి తెచ్చుకొన్నారు, జనం నిలుపుకొన్నారు. నాటక గ్రంథం మాత్రమే చదివిన చరిత్రకారునికి జనం చూచిన హరిశ్చంద్ర నాటకం తెలియదు. జనం మాట మాత్రమే విన్నవానికి ఆ పద్యాల కవి ఎవరో తెలియదు. అవి బలిజేపల్లివారివే అనుకొన్నవారు ఎందరో ఉన్నారు. అంటరానితనపు బాధను 'గబ్బిలము'గా మలచిన కవి పలుకు, రాజు కాటికాపరి అయిన ఘట్టంలో, కవి పేరు ఎరుగని జనం కంట నీరు పెట్టించినది. రెండు ఆధారాలనూ కలిపి చదివినప్పుడే ఈ సంగతి మనకు పూర్తిగా తెలుస్తుంది.

ఎవరి మాట మనకు చేరలేదో కూడ గమనించాలి. కుర్చీ టిక్కెట్టు కొన్నవారి ముచ్చట్లు కొన్ని అచ్చుకెక్కినవి. నేల టిక్కెట్టు వారివి అంతగా ఎక్కలేదు. టిక్కెట్టు కొనలేక తడికల వెలుపల నిలిచి గొంతు మాత్రమే విన్నవారివి అసలే లేవు. రంగస్థలాన్ని చూడకుండ పద్యం మాత్రం విని మరునాడు నాట్లలో, కోతలలో దానిని పాడుకొన్నవారే ఆ పద్యాలను ఊరూర నాటినవారు. వారి సాక్ష్యం లేని నాటక చరిత్ర సగం చరిత్ర.

ఇప్పుడు ఒక క్లిష్టమైన ప్రశ్న మిగిలినది. వయసు మీరిన నటుని చూచినవారి మాటకు విలువ ఎంత? ఈలపాట రఘురామయ్యగారిని (1901–1975) ఉదాహరణగా తీసుకొందాము. వ్రేలు నోట పెట్టి ఈలతో రాగం పలికించిన కృష్ణుడాయన. 'శ్రీకృష్ణ రాయబారం' చలనచిత్రం 1960లో వచ్చినది. అందులో కృష్ణ పాత్ర ధరించేనాటికి ఆయనకు 59 ఏండ్లు. లెక్కకు ఆయన వృద్ధుడు, జనానికి ఆయన కృష్ణుడే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామగా, ఉషగా యౌవనంలో పొందిన ప్రఖ్యాతి చిన్నది కాదు. వయసు మళ్ళిన తరువాత ఆయన ఆ వేషం కట్టి రంగస్థలం మీదికి వచ్చినప్పుడు కూడ జనం సత్యభామనే చూచినారు.

ఇది మన దేశానికే పరిమితమైన విషయం కాదు. మరాఠీ రంగస్థలాన స్త్రీ పాత్రలకు పేరుపొందిన బాల గంధర్వుని (1888–1967) ఆయన వయసు మీరిన తరువాత కూడ జనం చూడబోయినారు. ఫ్రెంచి నటి సారా బెర్నార్ 1915లో ఒక కాలు తీసివేయవలసివచ్చినా, కూర్చుండి నటిస్తూ రంగస్థలాన్ని వదలలేదు. 1962లో లండనులో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ అనే రాక్ సంగీత బృందంతో గాయకుడు మిక్ జాగర్ 80 ఏండ్లు నిండిన తరువాత, 2024లో కూడ, అమెరికా ఊళ్ళలో పాడినాడు. దేశం, కాలం, సంగీతం వేరైనా, తొలినాటి అభిమానులు ఆ ముదుసలి గాయకుని చుట్టూ చేరి తాము మొదటిసారి విన్న సంవత్సరం ఒకరికొకరు చెప్పుకోవడంలో మన కూడళ్ళ ముచ్చటకూ దానికీ తేడా కనపడదు.

వృద్ధ నటుని చూచినవారిలో కూడ రెండు రకాలవారున్నారు. గొంతు తగ్గినది, అడుగు తడబడినది, చూడక పోయినా బాగుండేది అనేవారు కొందరు. ఆ తగ్గిన గొంతులోనే పద్యం క్రొత్తగా అర్థమైనది అనేవారు కొందరు. ఈ రెండవ మాటను మేము తేలికగా త్రోసివేయలేము. పై శ్రుతిని అందుకోలేని నటుడు మాటను ఆశ్రయిస్తాడు. ఊపిరి చాలనివాడు ఎక్కడ ఆగవలెనో తెలుసుకొంటాడు. గొంతు విరిచిన చోటును పద్యంలోని భావం ఆక్రమిస్తుంది. అయితే మొదటిమాట కూడ నిజమే. ప్రాత ప్రేక్షకుడు ఆ రాత్రి ఇద్దరు నటులను చూస్తున్నాడు. ఎదుట ఉన్నవాడు ఒకడు, తన మనసులో ముప్పది ఏండ్లుగా ఉన్నవాడు ఒకడు. ఎదుటివాని లోటును మనసులోనివాడు పూరిస్తాడు. మొదటిసారి వచ్చిన పిల్లవానికి ఆ రెండవ నటుడు లేడు. తాతకూ మనుమనికీ ఆ రాత్రి అభిప్రాయం కలవకపోవడానికి కారణం అదే. ఇద్దరి సాక్ష్యమూ చరిత్రకు కావలెను.

రేడియో ఈ కథలో ఆలస్యంగా ప్రవేశించినది. 1938లో మద్రాసునుండి, 1948 డిసెంబరు 1న విజయవాడనుండి ప్రసారాలు ప్రారంభమైనవి. నాటకాన్ని చూడడానికి రాత్రివేళ బయటికి రాలేని గృహిణులు, వృద్ధులు, రోగులు ఇంటిలోనే పద్యనాటకం వినగలిగినారు. స్థానం నరసింహారావుగారు కొంతకాలం హైదరాబాదు కేంద్రంలో పనిచేసినారు. అర్దళం పూయని ముఖంతో, చీర కట్టకుండ, గొంతు ఒక్కదానితో పాత్రను నిలబెట్టే విద్య అక్కడ అవసరమైనది. విజయవాడ కేంద్రంలో నండూరి సుబ్బారావుగారివంటివారు ఆ విద్యలో ఆరితేరినారు. మైకు ముందు పై శ్రుతి అవసరం లేదు కనుక, రాగపక్షానికీ భావపక్షానికీ నడిచిన ప్రాత వాదంలో రేడియో భావపక్షాన నిలిచినదని చెప్పవచ్చును. అయినా రేడియో అందించగలిగినది గొంతును. జనం నిట్టూర్పు, చాపల మీది కలకలం, పందిరిలోని దీపాల వేడి అందులోకి రాలేదు. వాటిని అందించగలిగినవారు అక్కడ కూర్చున్నవారే.

వారి సంఖ్య ఇప్పుడు త్వరత్వరగా తగ్గిపోతున్నది. రాఘవను చూచినవారు మనకు దాదాపు మిగలలేదు. స్థానంవారి సత్యభామను పెద్దయి చూచినవారు బహు కొద్దిమంది. రఘురామయ్యగారి ఈల విన్నవారు ఇంకను కొందరున్నారు. పీసపాటివారి రాయబారం చూచినవారు మన ఇండ్లలోనే ఉన్నారు. వారిని అడగవలసిన కాలం ఇదే.

అడిగే విధానం కూడ ఒకటి ఉన్నది. 'ఆ నాటకం ఎంత బాగుండేది, తాతయ్యా?' అని అడిగితే, 'ఆ రోజులే వేరురా' అన్న జవాబే వస్తుంది. దానివల్ల చరిత్రకు లాభం లేదు. ఏ ఊరిలో చూచినారు, ఎట్లా పోయినారు, ఎవరితో పోయినారు, టిక్కెట్టు ఎంత, ఎక్కడ కూర్చున్నారు, ఆడవారు ఎక్కడ కూర్చున్నారు, మైకు ఉన్నదా, ముందు ఎవరు వచ్చినారు, ఏ పద్యానికి జనం కేకలు పెట్టినారు, ఎవరిని దిగిపొమ్మన్నారు, దారిలో ఏమి వాదించుకొన్నారు అని అడగవలెను. అమ్మమ్మను, నాయనమ్మను వేరుగా అడగవలెను. వారు చూచినది మగవారు చూచిన నాటకం కాకపోవచ్చును. తారీకు తెలియకపోతే ఆ సంవత్సరం ఇంటిలో ఎవరి పెండ్లి అయినదో, ఎవరు పుట్టినారో అడిగితే సంవత్సరం దానంతట అదే బయటపడుతుంది. చెప్పినదానిని చెప్పినట్లు వ్రాసుకొని, లేదా వారి గొంతులోనే భద్రపరచి, వారి పేరు, వయసు, ఊరు క్రింద వ్రాసి ఉంచవలెను. ఒకరి మాటకూ వేరొకరి మాటకూ పొసగకపోతే రెండింటినీ ఉంచవలెను. ఏది నిజమో తేల్చే పని తరువాతివారిది. వారికి ఆధారం మిగల్చడం మన పని.

గొప్ప గ్రంథాలయాలు చేయలేని ఈ పనిని, ఒక సాయంకాలం రేడియో ముందు పెద్దవారితో కూర్చున్న ఇల్లు చేయగలదు. పద్యనాటకం ప్రసారమైననాడు వారు దానిని విని, 'ఇది కాదురా, వారు పాడినది ఇట్లా' అని సవరించి పాడబోతారు. అప్పుడు రేడియో గొంతు కొంచెం తగ్గించి వారి పద్యం వినవలెను.